లాజరు సారు చొక్కా

బాలికల గురుకులం,
రాజంపేట.
12 అక్టోబరు 2025, ఆదివారం

అత్తా,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడొద్దు. జ్వరం లేదు, ఫెయిలవలేదు, ఎవరితోనూ కొట్లాడలేదు. ఒక పెద్ద పని పడింది, అది నీ వల్లే అవుతుంది. ఫోను చేద్దామంటే మాకు ఆదివారం అయిదు నిమిషాలే ఇస్తారు, అదీ అమ్మానాన్నలకే. అమ్మ చెవిన వేశానంటే సాయంత్రానికి కమలాపురం అంతా తెలిసిపోతుంది. ఇదేమో పరమ రహస్యం. అందుకే ఉత్తరం. వార్డెను మేడాన్ని స్టాంపు అడిగితే, అది ఎక్కడ పెట్టిందో వెతుక్కోవడానికే ఆమెకు పావుగంట పట్టింది. ఈ కాలంలో ఉత్తరాలు ఎవరు రాస్తున్నారు గనక!

సంగతేమిటంటే, మా లెక్కల సారు లాజరు సారు వచ్చే నెలాఖరుకు రిటైరైపోతున్నారు. మాకు పదో తరగతి పరీక్షలు మార్చిలో. అయినా సిలబస్ మొత్తం ముగించే వెళ్తానని పట్టుపట్టి, పొద్దున ఒక పీరియడు, సాయంత్రం ఒక పీరియడు ఎక్కువ తీసుకుంటున్నారు. ఆయనకు మా తరగతి తరఫున ఒక కానుక ఇవ్వాలనుకున్నాం. ఇక్కడే వచ్చింది చిక్కు.

సారు దగ్గర ఏ కానుకా నిలవదత్తా. ముందటి బ్యాచ్ అక్కలు గోడ గడియారం ఇస్తే భోజనాల హాల్లో తగిలించారు. శాలువా కప్పితే, చలికాలం వచ్చేసరికి అది మా వాచ్‌మన్ రామకృష్ణన్న భుజం మీద ఉంది. ఫ్లాస్కు ఇస్తే వంట చేసే విశ్వాసమ్మ దాంట్లో మోకాళ్ళ కాపడానికి వేడినీళ్ళు పోసి పెట్టుకుంటోంది. మొన్న సెప్టెంబరు అయిదున మేమిచ్చిన పెన్ను మధ్యాహ్నానికల్లా నా పక్క మంచం శ్రీవాణి జేబులో ఉంది! అడిగితే, "ఆ పాప పెన్ను లీకవుతాంటే ఇచ్చినాలేమ్మా. నాకు సుద్దముక్క ఉండాది గదా, అది చాలు" అన్నారు. ఆయనకు ఉన్నవే రెండు చొక్కాలు, రెండింటికీ మోచేతుల దగ్గర సుద్ద మరకలు.

ఈసారి అట్లా కాకూడదు. ఆయన ఇంటికి తీసుకెళ్ళాలి, తనకే ఉంచుకోవాలి. మిగతా పిల్లల సంగతేమో గానీ నాకు మాత్రం ఇది చాలా ముఖ్యం. నీకు గుర్తుందా, నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు లెక్కల్లో పదకొండు మార్కులు వస్తే నాన్న, "దీనికి లెక్కలు రావులే, ఏంటికి చదివించేది" అన్నాడు. నేనూ రావనే అనుకున్నాను. లాజరు సారే నా నోటుబుక్కు నాలుగు రోజులు దగ్గర పెట్టుకుని చూసి, "ఈ పాప చేసే పద్ధతంతా సరిగ్గా ఉండాది. బోర్డు మీద ఎనిమిది ఉంటే మూడని ఎక్కించుకుంటాంది. తప్పు లెక్కలో లేదు, కంట్లో ఉండాది" అన్నారు. ఆయనే వార్డెను మేడాన్ని వెంటబెట్టుకుని నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. అద్దాలు పెట్టుకున్న రోజు వేపచెట్టుకు ఆకులు విడివిడిగా ఉంటాయని మొదటిసారి చూశాను. కానీ అందరూ నవ్వుతారని ఏడ్చి, వారం రోజులు సారుతో మాట్లాడలేదు. థాంక్స్ అనే మాట ఇప్పటికీ చెప్పలేదు. రెండేళ్ళయింది. అది తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

కాబట్టి అత్తా, ఇంకొకరికి ఇచ్చేయడానికి వీల్లేని వస్తువు ఏముంటుందో ఆలోచించు. త్వరగా!

నీ కోడలు,
లక్ష్మీప్రియ


ఆలూరు,
18 అక్టోబరు 2025

కోడలు పిల్లకు,

పోస్టుమ్యాన్ వచ్చి నా పేరు పిలిస్తే బ్యాంకు నోటీసనుకుని తలుపు చాటుకు పోయాను. చూస్తే నువ్వు! నాలుగుసార్లు చదివాను. నా పేరున ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయింది! నేను కూడా పదో తరగతి పాసైన దాన్నే, మాట్లాడినట్టు కాకుండా పుస్తకంలో రాసినట్టే రాస్తాను, చూసుకో.

ఇక్కడ దీపావళి ముందర ఊపిరాడటం లేదు. ఆలూరులో ఉన్న ఆడవాళ్ళందరికీ ఒకేసారి జాకెట్లు కావాలి. పత్తి తీతలు కూడా ఇప్పుడే. మీ శివశంకర్ మామ చేన్లో, నేను మిషను మీద. అయినా అన్నం తినేటప్పుడు నీ సంగతి ఆయనకు చదివి వినిపించాను. "ఏందే, ఇచ్చిందంతా ఇచ్చేస్తాడా? ఆయప్పకు నీళ్ళు తాగను చెంబన్నా ఉండాదా?" అన్నాడు. తర్వాత శానాసేపు ఆలోచించి, "ఒక మూట కొర్రలు పంపుదాం" అన్నాడు. ఆ కొర్రలు మరుసటి రోజు మీ హాస్టలు వంటింట్లో ఉడుకుతాయని నేను చెప్పాక మజ్జిగ పోసుకుని తిని లేచాడు.

నాకు మాత్రం మిషను తొక్కుతుంటే తట్టింది. చొక్కా! అంగట్లో కొన్నది కాదు, ఒళ్ళు కొలిచి కుట్టింది. అంగడి చొక్కా ఎవరికైనా సరిపోతుంది గనక ఎవరికైనా ఇచ్చేస్తాడు. కొలతకు కుట్టిన బట్ట ఆ మనిషిదే. ఇంకొకడు తొడుక్కుంటే భుజం దగ్గరో చంక దగ్గరో పట్టేస్తుంది. ఇక ఎవరికిస్తాడో చూద్దాం! ఎమ్మిగనూరులో మగ్గం బట్ట తెస్తాను. బట్ట నాది, కుట్టు నాది. మీ తరగతి పని ఒక్కటే, సారు కొలతలు పంపడం. పొడవు, చెయ్యి, భుజం, ఛాతీ. ఆయనకు తెలియకూడదు సుమా. తెలిస్తే వద్దంటాడు.

చొక్కా కుట్టడం నీకొచ్చా అని అడగొద్దు. రెండు వైపులా బిగువు కూర్చి జాకెట్ కుట్టేదానికి చొక్కా ఒక లెక్కా?

నీ అత్త,
స్వర్ణలత


రాజంపేట,
26 అక్టోబరు 2025

అత్తా! అత్తా! అత్తా!

కొలతలు దొరికాయి! ఎట్లా దొరికాయో చెప్తే నువ్వు మిషను ఆపి నవ్వుతావు.

సారును తాకకుండా, అడగకుండా కొలవాలి. మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. అప్పుడే సారు త్రికోణమితిలో ఎత్తులు, దూరాల పాఠం మొదలుపెట్టారు. గుడి ఎక్కకుండా గోపురం ఎత్తు కొలవచ్చు, కొండ ఎక్కకుండా కొండ ఎత్తు కొలవచ్చు అని ఆయన చెప్తుంటే నేనూ శ్రీవాణీ నిస్సీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిస్సీ అంటే మా తరగతిలో లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్ల. గోపురాన్ని కొలవగా లేనిది సారును కొలవలేమా?

కోణమానినికి ఖాళీ పెన్ను గొట్టం అతికించాం, దారం కట్టి రబ్బరు వేలాడదీశాం. నిస్సీ మొదటి బెంచీలో కూర్చుని, బోర్డు దగ్గర నిలబడ్డ సారు తల మీదికి గొట్టంలోంచి చూసింది. సరిగ్గా ముప్పై డిగ్రీలు! ఇంతలో సారు చూడనే చూశారు.

"ఏమ్మా నిస్సీ, ఒక కన్ను మూసుకోని ఏం చూస్తాండావు?"

"కోణం కొలుస్తాండా సార్."

"దేనిది?"

"కిటికీది సార్."

నిస్సీ జన్మలో మొదటిసారి అబద్ధమాడింది. సారు ఎంత సంతోషించారంటే, "చూడండే, పాఠం ఇంగా సగంలో ఉండంగానే పరికరం చేసుకోనొచ్చింది" అని తరగతి మొత్తం చేత చప్పట్లు కొట్టించారు. నిస్సీ తల ఎత్తలేదు.

బెంచీ నుంచి సారు దాకా అరవై రెండు అంగుళాలు. దాన్ని రూట్ మూడుతో భాగిస్తే ముప్పై ఆరు. నిస్సీ కన్ను నేల నుంచి నలభై రెండు అంగుళాల ఎత్తులో ఉంది. రెండూ కలిపితే డెబ్భై ఎనిమిది. అంటే సారు ఎత్తు ఆరున్నర అడుగులు! చూడటానికి అంత అనిపించరు. శ్రీవాణి ఆ మాటే అంది కూడా. కానీ సారే రోజూ చెప్తారు, "కంటిని కాదమ్మా, లెక్కను నమ్మండి" అని. అందుకని లెక్కనే నమ్మాం.

తర్వాత తీగ మీద ఆరేసిన రామకృష్ణన్న చొక్కాను టేపుతో కొలిచాం. ఆయన ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలని ఆయనే గొప్పగా చెప్తుంటాడు. ఎత్తు పెరిగిన వంతునే చొక్కా కూడా పెరగాలి కదా. ఆ ప్రకారం సారుకు పొడవు 34, చెయ్యి 28, భుజం 21, ఛాతీ 49 అంగుళాలు. ముగ్గురం విడివిడిగా చేశాం, ముగ్గురికీ ఒకే జవాబు వచ్చింది!

ఆయన చెప్పిన పాఠంతోనే ఆయన చొక్కా. ఈ కానుకను ఎవరికైనా ఎట్లా ఇచ్చేస్తారత్తా? నాకు నిద్ర పట్టడం లేదు.

నీ ప్రియ


ఆలూరు,
2 నవంబరు 2025

ఏమే కోడలా,

ఆరున్నర అడుగులా! ఆ మహానుభావుడు మీ తరగతి గదిలోకి వంగి వస్తాడా, పక్కకు తిరిగి వస్తాడా? ఫ్యాను తగలకుండా చూసుకోమని చెప్పు. మీ మామకు చెప్తే నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని, "అంత పొడుగాయన్ను లెక్కల్లో ఏంటికి పెట్టినారే, వాలీబాల్లో పెట్టాల్సింది" అన్నాడు. మా పక్కింటి రామసుబ్బమ్మ అంతటి మనిషిని చూడాలని తానే రాజంపేటకు వస్తానంటోంది. ఇంట్లో మాకు ఇప్పుడు ఇదే సంబరం.

ఎమ్మిగనూరు వెళ్ళి బట్ట తెచ్చాను. తెలుపు మీద సన్నటి నీలి గీతలు, చేత్తో పట్టుకుంటే వెన్న. అంత పొడుగు మనిషికని మీటరు ఎక్కువే తీసుకున్నాను.

ఇప్పుడు ఒక నిజం చెప్తాను, మీ అమ్మకు చెప్పకు. నేనింతవరకూ మగవాళ్ళ చొక్కా కుట్టలేదు. అందుకని మీ మామ పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కాను విప్పేశాను. కాలరు ఎట్లా కూర్చుంటుందో, చేతికి కఫ్ ఎట్లా పడుతుందో కుట్టు కుట్టూ విప్పి నేర్చుకున్నాను. మళ్ళీ అతకడం మాత్రం కాలేదు. ఆయన నిన్న ఒక నిశ్చితార్థానికి టీషర్టు వేసుకుపోయి నాతో మాట్లాడటం మానేశాడు. నీ సారు కోసం మా కాపురం ఇట్లా ఉంది.

నువ్వు పంపిన కొలతలు మాత్రం ఉన్నవున్నట్టు కుట్టడం లేదు. ఇరవై ఏళ్ళుగా ఒళ్ళు చూసి బట్ట కత్తిరిస్తున్నాను, అంత పొడుగు మనిషి ఎట్లుంటాడో నాకు తెలుసు. ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించి కత్తెర వేసేశాను. ఆ వివరం నీకు చెప్పినా తెలియదులే. నీ లెక్క నీది, నా కన్ను నాది. రెండూ కలిస్తేనే చొక్కా.

మజ్జిగలో ఉప్పు తక్కువ వేసుకో, జుట్టు ఊడుతోందని మీ అమ్మ ఫోన్లో దిగులు పడింది.

అత్త


రాజంపేట,
3 నవంబరు 2025

అత్తా,

కత్తెర వేయకముందే ఈ ఉత్తరం అందాలని దేవుడికి మొక్కుకుంటున్నాను. లెక్కలో ఒక తప్పు దొర్లింది. ఏమిటో చెప్పను, నాకూ నిస్సీకీ సిగ్గుగా ఉంది. చొక్కా వచ్చాక చెప్తాను. కొలతలు ఎక్కువ వచ్చాయి. అన్నీ పదమూడింట రెండు వంతులు తగ్గించు. మర్చిపోవద్దు, తగ్గించు! ఇంటర్వెల్లో రాస్తున్నాను, గంట కొట్టేశారు.

ప్రియ


ఆలూరు,
9 నవంబరు 2025

ప్రియమ్మా,

నీ చీటీ వచ్చేసరికి నేను గుండీలు కుడుతున్నాను. చదివి నవ్వుకున్నాను. "తగ్గించు, తగ్గించు" అని నువ్వు మొత్తుకునే లోపలే నేను తగ్గించేశానే పిచ్చిదానా! కిందటి ఉత్తరంలో రాశాను కదా. మీ ముగ్గురు పండితులు చేసిన తప్పును నేను టేపు చేతిలో పట్టుకుని ఒక్క చూపులో కనుక్కున్నాను. ఆ పదమూడింట రెండు వంతులేమిటో నాకు తెలియదు, మీ మామకూ తెలియలేదు. నేను తగ్గించింది అంతకన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది గానీ తక్కువ ఉండదు. నిశ్చింతగా చదువుకో.

చొక్కా ఎంత బాగా వచ్చిందో చెప్తే దిష్టి తగులుతుంది. తలుపుకు తగిలించి మూడు రోజులు చూసుకున్నాను. జాకెట్లకు వచ్చిన ఆడవాళ్ళందరూ నిలబడి చూసి, "యారిదక్కా ఈ చొక్కా?" అని, ఎవరిదో చెప్పమని ఒకటే అడగడం. "మా కోడలికి చదువు చెప్పిన దొడ్డ మేష్ట్రుది" అని నేను. పంచాయతీ ఆఫీసులో పనిచేసే కన్నడపామె ఒకతె తన కొడుక్కి కూడా ఇట్లాంటిదే కుట్టమంది. ఇదిగో, నీ పుణ్యమా అని అత్త ఇప్పుడు జెంట్స్ టైలరు కూడా. మీ మామ కూడా మాట్లాడుతున్నాడు. మిగిలిన బట్టతో ఆయనకు పొట్టి చేతుల చొక్కా కుడతానన్నాను.

ఇస్త్రీ చేసి, మడిచి, అట్ట పెట్టి, రంగు కాగితం చుట్టి పార్సిల్ చేశాను. సారు చేతుల్లో పెట్టేదాకా విప్పొద్దు. నువ్వు విప్పితే మళ్ళీ ఆ మడత రాదు. ఒట్టు!

అత్త


రాజంపేట,
23 నవంబరు 2025

అత్తా,

వచ్చింది! తుపాను వానకు బస్సులే రాలేదు. పార్సిల్ యాడ నానుతాందో అని శ్రీవాణి రోజూ గేటు దగ్గర కాపలా. మొన్న తడిసిన పోస్టుమ్యాన్ ప్లాస్టిక్ సంచిలోంచి పొడిపొడిగా తీసి ఇచ్చాడు. వార్డెను మేడం కూడా విప్పమని బతిమాలింది. ఒట్టు పెట్టుకున్నాను కదా, విప్పలేదు. కాగితం మీద చెవి పెట్టి విన్నాం అంతే.

నీ కన్ను చూసి నిస్సీ ఆశ్చర్యపోయింది. టేపు పట్టుకుని చూసి మా తప్పు కనుక్కున్నావంటే నువ్వు చదువుకుని ఉంటే ఎక్కడుండేదానివో అంటోంది. శనివారం ఇరవై తొమ్మిదిన సభ. నెలాఖరు ఆదివారం పడింది గనక ముందు రోజే. తరగతి తరఫున నన్నే మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకున్నాను. ఈసారి థాంక్స్ చెప్పకుండా ఉండను.

ఆరు రోజులు ఎట్లా గడుస్తాయో!

ప్రియ


రాజంపేట,
30 నవంబరు 2025

అత్తా,

కూర్చుని చదువు. మామను కూడా పిలువు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

భోజనాల హాల్లో అందరం కూర్చున్నాం. సారు కాగితం విప్పారు. బట్ట చూసి ఆయన మొహం ఎంత బాగా మారిందో! వేలితో ఆ నీలి గీతలను నిమిరారు. "కొలతకు కుట్టించాం సార్, వేసుకోండి, వేసుకోండి" అని మేమందరం అరిచాం. స్టాఫ్ రూములోకి వెళ్ళారు.

వచ్చారు. చేతులు మణికట్టు దాటి అరచేతి పొడవు వేలాడుతున్నాయి. అంచు మోకాళ్ళ దగ్గర ఉంది. ఛాతీ దగ్గర మాత్రం రెండు వైపులకూ మధ్య జానెడు ఖాళీ, ఒక్క గుండీ పట్టడం లేదు. భుజాలు బిగుసుకుపోయి సారు చేతులు దించలేక, రెక్కలు చాపిన కోడి మాదిరి నిలబడ్డారు. మొదట విశ్వాసమ్మ నవ్వింది. ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. నేను మాత్రం ఏడ్చేశాను.

సారు నవ్వలేదు. "ఏడవద్దమ్మా. ఎవురు కొలిచినారు?" అన్నారు. ముగ్గురం లేచాం. హాల్లో వంటల పట్టిక రాసే బోర్డు ఉంది. దాని మీద సాంబారు చెరిపేసి, "చేసి చూపీండి" అన్నారు. నిస్సీ సుద్దముక్క తీసుకుని మొదలుపెట్టింది. ముప్పై డిగ్రీలు, అరవై రెండు, రూట్ మూడు, డెబ్భై ఎనిమిది.

"నేను ఆరున్నర అడుగులా?" అన్నారు సారు. "ఆ పొద్దు నేను యాడ నిలబడి ఉంటి?"

"అరుగు మీద సార్!" అని హాలంతా ఒక్కటే కేక.

అదేనత్తా మేం చెప్పని తప్పు. బోర్డు కింద అడుగు ఎత్తు సిమెంటు అరుగు ఉంటుంది. సారును కొలుస్తూ దాన్ని కూడా కలిపేసుకున్నాం. అందుకే నిన్ను అన్నీ తగ్గించమన్నాను. నువ్వేమో పొడుగును అట్లే ఉంచి వెడల్పు తగ్గించావని చొక్కా చూశాకే నాకు అర్థమైంది. సారు అయిదడుగుల ఆరంగుళాలు, ఒళ్ళున్న మనిషి. నువ్వు ఆయన్ను తాటిచెట్టంత బక్క మనిషిని చేశావు!

పద్ధతికి అయిదుకు నాలుగు మార్కులిచ్చారు. చొక్కా విప్పి చేత్తో పట్టుకుని, అలవాటు ప్రకారం చుట్టూ చూశారు. అయిపోయింది, ఇచ్చేస్తారనుకున్నాను. "రామకృష్ణా, ఇట్ల రాప్పా" అన్నారు. రామకృష్ణన్న తొడిగాడు. అరచేతులు కనబడలేదు. వ్యాయామం మేడం పొడుగ్గా ఉంటుంది కదా అని ఆమె భుజానికి ఆనించి చూశారు, ఆమెకూ అంచు మోకాళ్ళ దాకా దిగింది. కూరగాయల ఆటో డ్రైవరును పిలిచారు. సన్నటి మనిషే, భుజం సరిపోయింది గానీ చొక్కాలో మునిగిపోయాడు. "ఇది లుంగీ లేకుండానే తిరగను పనికొస్తాది సార్" అన్నాడు. పిల్లలు నేల మీద పడి నవ్వారు. మా గురుకులంలో అంత సంతోషంగా ఏ సభా జరగలేదని ప్రిన్సిపాల్ మేడం కూడా అంది.

ఎవరికీ సరిపోలేదు. సారు దాన్ని మడిచి తన గుడ్డసంచిలో పెట్టుకున్నారు.

నా నాలుగు పేజీలు చదవనే లేదు. గేటు దగ్గరికి పరుగెత్తాను. "సార్, ఎనిమిదిలో నాకు అద్దాలు పెట్టించినారే, దానికి థాంక్స్ సార్. అప్పుడు చెప్పలేదు" అన్నాను. సారు నా తల మీద చెయ్యి పెట్టి, "బోర్డు కనబడతాండాది గదమ్మా?" అన్నారు. "కనబడతాండాది సార్" అన్నాను. "ఇంగేం కావల్ల" అని ఆటో ఎక్కారు.

చెప్పేశానత్తా! రెండేళ్ళ బరువు దిగింది. ఒకటే భయం. ఆ సంచి పట్టుకునే కడప బస్సుకు వెళ్ళారు, ఇల్లు అక్కడే. దారిలో ఎవరైనా పొడుగ్గా, బక్కగా కనబడితే?

ప్రియ


ఆలూరు,
6 డిసెంబరు 2025

ప్రియమ్మా,

నా పరువు తీశావు కదే! మీ మామ మూడు రోజుల నుంచి కోడి మాదిరి రెక్కలు చాపి ఇల్లంతా తిరుగుతున్నాడు. అరుగు సంగతి ముందే చెప్పి ఉంటే ఏం పోయేది నీకు? సిగ్గట, సిగ్గు! నాకు మాత్రం తక్కువుందా? అడక్కుండా నా ఇష్టం వచ్చినట్టు కత్తెర వేశాను. అన్నం సహించడం లేదు. మనిషిని చూడకుండా అంత మంచి బట్టను పాడుచేశాననే బాధ ఒకటి, ఆ పెద్దాయన్ను నలుగురిలో అట్లా నిలబెట్టాననే బాధ ఇంకొకటి.

ఇప్పుడైనా మించిపోలేదు. పొడవు కత్తిరిస్తే ఆ ముక్కలే పక్కలకు వేసి వెడల్పు చేయవచ్చు. అతుకు కనబడకుండా చేసే పూచీ నాది. సారు దగ్గరి నుంచి చొక్కా ఎట్లయినా తెప్పించి పంపు. సరైన కొలతలు కూడా పంపు, ఈసారి టేపుతో! రెండు రోజుల్లో ఆయన ఒంటికి అతికినట్టు చేసి పంపిస్తాను. నా చేత్తో కుట్టింది ఒకటి సరిపోకుండా ఊరి మీద తిరగడం నాకిష్టం లేదు.

అత్త


రాజంపేట,
14 డిసెంబరు 2025

అత్తా,

సారు గురువారం పింఛను కాగితాల మీద సంతకాలకని వచ్చారు. పని కాగానే మా తరగతికి వచ్చి, కొత్త మేడాన్ని అడిగి చివరి పీరియడు తీసుకున్నారు. అరుగు ఎక్కబోయి ఆగి, "ఎవురన్నా కొలుస్తాండారా?" అన్నారు. పది నిమిషాలు పాఠం సాగలేదు.

బెల్లు కొట్టాక నీ ఉత్తరం సంగతి చెప్పాను. మా అత్త సరిచేసి పంపుతుందట సార్, చొక్కా ఇప్పించండి అన్నాను. అది ఇంకా ఆయన దగ్గరే ఉందా లేదా అని కనుక్కోవడం కూడా నా ఎత్తు. దానికి సారు ఏమన్నారో ఒక్క ముక్క పోకుండా రాస్తున్నాను.

"ముట్టుకోవద్దని చెప్పమ్మా మీ అత్తకు. ఇంట్లో కొక్కేనికి తగిలించుకోనుండా. దినామూ చూస్తాండా. సరిచేస్తే అది ఎవురో ఒకరికి సరిపోతాది. సరిపోయినాక నేను ఇయ్యకుండా ఉండలేను, నా సంగతి నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏండ్లలో పిల్లోళ్ళు ఎన్నో ఇచ్చినారు. నాకని మిగిలింది ఇదొక్కటే. అట్లే ఉండనీ."

అత్తా, నేను ఆ మాట విని హాస్టలు దాకా పరుగెత్తుకుంటూ వచ్చాను. శ్రీవాణి, నిస్సీ, నేను మంచాల మీద ఎగిరాం. వార్డెను మేడం తిట్టినా ఆపలేదు. నీకు అన్నం సహించడం లేదన్నావు, ఈ పూట కడుపునిండా తిను. మనిద్దరి తప్పులూ కలవబట్టే సారు దగ్గర ఆ చొక్కా నిలిచింది.

కత్తెర పక్కన పెట్టు. చొక్కా రాదు.

నీ కోడలు,
లక్ష్మీప్రియ